గుహాపటం - కంపైలర్ ఎంపిక

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త లోకానికి తెలిపాడు. దాదాపు నూరేళ్ల తరువాత, 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబౌర్ నాయకత్వాన జర్మన్ బృందం వాటిని సమగ్రంగా పరిశీలించింది. ఈ సున్నపురాతి గుహల పొడవు 3,229 మీటర్లు.

గుహను కొలిచేవారు ఒక స్థానం నుండి మరొక స్థానానికి గల దూరాన్ని, దిశను, వాలును నమోదు చేస్తారు. ఆ అంకెలను పటంగా మార్చడానికి నేడు సర్వెక్స్, థెరియన్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో రచింపబడిన వీటి మూలరచన అందరికీ లభ్యమవుతుంది. ఆ మూలరచనను యంత్రభాషలోకి మార్చే సాధనమే కంపైలర్.

1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ 1973లో సీ భాషలో తిరిగి రచింపబడింది. తొలినాళ్లలో సీ కంపైలర్ యూనిక్స్‌తోపాటే లభించేది. 1990లలో సన్ సంస్థ తన సొలారిస్ వ్యవస్థ నుండి కంపైలర్‌ను వేరుచేసి, విడిగా అమ్మింది. ఇల్లు కొన్నవాడు తాళంచెవిని వేరుగా కొనుక్కోవలసి వచ్చినట్లయింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లోనే విడుదల చేసిన జీసీసీ అట్టివారికి ఆధారమైంది. తరువాతి కాలంలో ఎల్‌ఎల్‌వీఎం ఆధారంగా క్లాంగ్ రూపొందింది. 2014లో ఫ్రీబీఎస్‌డీ తన పదవ విడుదలలో దానినే ప్రధాన కంపైలర్‌గా స్వీకరించింది.

వీటిలో దేనిని ఎంచుకోవాలి? మొదట వ్యవస్థతో వచ్చిన కంపైలర్‌నే వాడడం ఉచితం. వేర్వేరు కంపైలర్లతో తయారైన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు ఒక్కొక్కప్పుడు పొసగవు. రెండవది, భాషాప్రమాణాన్ని అనుసరించి రాయాలి. మూడవది, వీలైతే రెండు కంపైలర్లతోను పరీక్షించాలి. ఒకటి విస్మరించిన దోషాన్ని మరొకటి హెచ్చరికగా చూపవచ్చు. మారిన భాగాలను మాత్రమే తిరిగి కంపైల్ చేయించడానికి మేక్, దోషాలను వెదకడానికి జీడీబీ, మార్పుల చరిత్రను భద్రపరచడానికి గిట్ తోడ్పడతాయి.

గుహను కొలవడం ఎంతో శ్రమతో కూడిన పని. చీకటిలో, ఉక్కలో, ఇరుకు దారులలో పాకుతూ సేకరించిన అంకెలు తరతరాలకు ఉపయోగపడాలి. వాటిని చదివే ప్రోగ్రాము కొత్త యంత్రంపై పనిచేయకపోతే ఆ శ్రమ మరుగున పడుతుంది. మూలరచన, దానిని తిరిగి నిర్మించగల కంపైలర్ రెండూ అందుబాటులో ఉంటే ఆ శ్రమ నిలుస్తుంది. కనుక పనిముట్టును ఎన్నుకొనేవాడు నేటి వేగాన్నే గాక రేపటి అవసరాన్ని కూడా గుర్తించాలి.