సూర్యుని గడువు – ప్రళయ ఘడియ

పలాసలోనైనా, టెక్కలిలోనైనా, ఉద్దానం తీరపు పల్లెల్లోనైనా మన అయిదు పూటల నమాజు వేళలు సూర్యుణ్ణి బట్టే నిర్ణయమవుతాయి. ఆ సూర్యుడు ఒక నిర్ణీత గడువు వరకే నడుస్తాడని దివ్యఖుర్‌ఆన్ 'రఅద్' సూరా రెండవ ఆయతు తెలుపుతోంది. శాస్త్రజ్ఞులు కూడా ఒక గడువు లెక్కగట్టారు. అది విని కొందరు యువకులు, "అయితే ప్రళయానికి ఇంకా 500 కోట్ల ఏళ్లుందన్నమాట!" అని నిశ్చింతగా ఉంటున్నారు. ముందు ఆ లెక్కేమిటో చూద్దాం.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు గుంటూరు, మచిలీపట్నాలలో ఖగోళ శాస్త్రజ్ఞులు సూర్యుని అంచున ఎగసే మంటల కాంతిని రంగులుగా విడదీసి చూశారు. అందులోని ఒక పసుపు గీత అప్పటికి భూమి మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తరువాత తేలింది. ఆ కొత్త పదార్థానికి హీలియం అని పేరు పెట్టారు. సూర్యుని పొయ్యిలో మిగిలే బూడిద ఇదే అనుకోండి. ప్రతి సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ మండి హీలియంగా మారుతోంది. అందులో 40 లక్షల టన్నుల మేర వెలుగుగా, వేడిగా వెలువడుతోంది. సుమారు 460 కోట్ల ఏళ్లుగా ఇదే పని.

నడిగర్భంలో హైడ్రోజన్ అయిపోవడానికి ఇంకా 500 కోట్ల ఏళ్లు పడుతుంది. అప్పుడు గర్భం కుంచించుకుపోయి మరింత వేడెక్కుతుంది, పై పొరలు ఉబ్బుతాయి. సూర్యుడు ఎర్రబారి, చివరకు ఇప్పటికంటే 200 రెట్లకు పైగా పెద్దవాడవుతాడు. బుధ, శుక్ర గ్రహాలు అందులో కలిసిపోతాయి. మరి భూమి? సూర్యుడు బరువు కోల్పోయే కొద్దీ పట్టు సడలి భూమి దూరం జరుగుతుంది. కానీ ఉబ్బిన సూర్యుని ఆకర్షణ దాన్ని మళ్లీ లోపలికి లాగుతుంది. భూమి కూడా తప్పించుకోలేదని 2008లో ఒక లెక్క తేల్చింది. అసలు అంతదాకా వెళ్లనక్కర్లేదు. సూర్యుని వెలుగు ప్రతి 100 కోట్ల ఏళ్లకు దాదాపు పదో వంతు పెరుగుతోంది. ఇంకో 100 కోట్ల ఏళ్లకే సముద్రాలు ఆవిరైపోవచ్చు. అప్పుడు బారువలో, భావనపాడులో అల ఉండదు, తీరాన ఒక్క కొబ్బరి చెట్టూ ఉండదు.

ఇది సూర్యుని వయసు లెక్క, ప్రళయ ఘడియ లెక్క కాదు. ఆ ఘడియ ఎప్పుడన్నది అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదని 'ఆరాఫ్' సూరా 187వ ఆయతు స్పష్టం చేస్తోంది. 'తక్వీర్' సూరా మొదట్లో వచ్చే సూర్యుని చుట్టివేతను ఈ ఉబ్బడంతో ముడిపెట్టి రాసేవారున్నారు. మాకది సబబుగా తోచదు. మనుషుల లెక్క రేపు మారితే ఆయతు అర్థాన్నీ మారుస్తామా?

ప్రళయ ఘడియ ముంచుకొచ్చినా, చేతిలో మొక్క ఉంటే వీలైనంతలో దాన్ని నాటమన్నారు దైవప్రవక్త ముహమ్మద్ (స). 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కాపుకు ఏళ్లు పట్టే కొబ్బరి మొక్కలను రైతులు ఆ నేలలోనే మళ్లీ నాటారు.