దత్తత గ్రామం నేర్పిన పాఠాలు

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ చాలాకాలం ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుగా ఉన్నాను. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం అది. కాలేజీ అండగా నిలిస్తే పల్లె పిల్లలు తమ ఊరి పగ్గాలు పట్టుకోగలరన్న నమ్మకం నాకు ఆ పనిలోనే కలిగింది. ఇప్పుడు ఆ పనిలోకి దిగుతున్న మీకు కొన్ని మాటలు చెప్పాలని ఉంది.

1. ఏడు రోజుల్లో ఊరు అర్థం కాదు.

ఒక్కో వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలని నియమం. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దానికి అదనం. నేను మాత్రం నా శ్రద్ధంతా ఆ శిబిరం మీదే పెట్టాను. దత్తత తీసుకున్న ఊరి బడిలో బస, పొద్దున శ్రమదానం, సాయంత్రం సభ, చివరి రోజు ఫొటో. మేం తీసిన మురుగుకాలువ తొలి వానలకే పూడిపోయేది. మా పిల్లలు చెమటోడుస్తుంటే అదే వయసు ఊరి కుర్రాళ్ళు కల్వర్టు మీద కూర్చుని చూసేవారు. వాళ్ళ చేతికి ఒక పార ఇవ్వాలని నాకు తోచలేదు. ఆ కాలువ వాళ్ళది, మాది కాదు.

2. నాయకులు ఊళ్ళో ముందే ఉంటారు, వెతకాలి.

మొదట్లో యువకుల పేర్లు ఇమ్మని సర్పంచునే అడిగేవాణ్ణి. ఆయన తనవాళ్ళ పిల్లల పేర్లు రాసిచ్చేవారు. ఒకసారి బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరి పటం వేయించాం. మా విద్యార్థులు వీధులు గీశారు, ట్యాంకు గీశారు, కుళాయిలకు చుక్కలు పెట్టారు. ఇంటర్‌తో చదువు ఆపేసి మహిళా సంఘం పుస్తకాలు రాస్తున్న ఒక అమ్మాయి కాసేపు చూసి, ముందుకొచ్చి, కాలనీ వైపు చుక్కలన్నీ చెరిపేసింది. "అక్కడ కుళాయిలున్నాయి సార్, నీళ్ళు లేవు. ముందు వీధులవాళ్ళు పట్టుకున్నాక మాకు గాలొస్తుంది" అంది. ఏ ఇంటివాళ్ళు ఏ బోరు దగ్గరికి పోతారో, ఎంతసేపు నిలబడతారో వరుసగా చెప్పింది. మా సర్వే ఫారాల్లో ఆ సంగతి ఒక్కటీ లేదు. అప్పటిదాకా ఆ అమ్మాయిని ఏ సమావేశానికీ ఎవరూ పిలవలేదు, నాతో సహా. మీరు ఏ ఊరికి వెళ్ళినా లెక్కలు రాసేవాళ్ళు, రాత్రిపూట ఆసుపత్రికి తోడు వెళ్ళేవాళ్ళు ఎవరని ఆడవాళ్ళను అడగండి. మీకు కావలసిన పేర్లు అక్కడ దొరుకుతాయి.

3. గ్రామసభలో ఒక్కసారి నోరు విప్పితే భయం సగం పోతుంది.

వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలు చాలా ఇప్పించాను. ఎవరికీ గుర్తులేవు. పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఊళ్ళో ఓటున్న ప్రతివాళ్ళూ గ్రామసభ సభ్యులే, 21 ఏళ్ళు నిండితే పంచాయతీకి పోటీ చెయ్యవచ్చు. ఈ మాట తెలియని డిగ్రీ విద్యార్థులను కూడా చూశాను. పనికొచ్చినవి చిన్న విషయాలు: తేదీ వేసి అర్జీ రాయడం, ఇచ్చినట్టు రసీదు అడగడం, సభలో అన్నది తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకోవడం, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలని తెలిసి ఉండడం. మా కామర్స్ పిల్లలు ఊరి కుర్రాళ్ళ పక్కన కూర్చుని పంచాయతీ జమాఖర్చులు చదివించారు. కాలేజీ ఊరికి ఇవ్వగలిగింది ఇదే. చీపుర్లు ఊళ్ళోనూ ఉన్నాయి.

4. ఆడపిల్లలు రాలేదంటే ముందు మీ వేళలు చూసుకోండి.

సాయంత్రం ఆరింటికి సమావేశం పెట్టి, అమ్మాయిలకు ఆసక్తి లేదని రిపోర్టులో రాశాను. అది వంటవేళ. పత్తితీతల రోజుల్లో పగలూ కుదరదు. వాళ్ళనే అడిగి వేళ మార్చాక వచ్చారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలవి. ఆ కుర్చీల్లో భర్తలు కూర్చోకూడదనుకుంటే ఈ పిల్లలను ఇప్పుడే తయారుచెయ్యాలి.

5. మాట ఇచ్చింది కాలేజీ, నిలబెట్టుకోవలసిందీ కాలేజీయే.

నాకు బదిలీ అయినప్పుడు ఫైళ్ళు అప్పగించాను, మనుషులను అప్పగించలేదు. కొత్తగా వచ్చినవారు వేరే ఊరు ఎంచుకున్నారు. మా దత్తత ఊరి కుర్రాళ్ళు కాలేజీ గేటు దాకా వచ్చి, ఎవర్ని అడగాలో తెలియక తిరిగి వెళ్ళారని తర్వాత విన్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ ఒక్కో విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలతో పనిచెయ్యాలంటుంది. మంచిదే, కానీ జాబితా పెరిగేకొద్దీ చూపు పలచబడుతుంది. ఒక ఊరితోనైనా ఏళ్ళ తరబడి ఉండండి. పాత బ్యాచ్ వెళ్ళేలోగా కొత్త బ్యాచ్‌ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ పరిచయం చెయ్యండి. ఊరి పిల్లలను కాలేజీకి పిలిచి సెమినార్ హాల్లో మాట్లాడించండి. దత్తత గ్రామం మార్చమని కాగితం వస్తే, సంతకం పెట్టేముందు పాత ఊరికి వెళ్ళి ఆ పిల్లల్ని ఒక్కమాట అడగండి.