పాలు మాన్పించే ముందు

పిల్లలకి సీలియాక్, అంటే గోధుమలాంటి వాటిలోని గ్లూటెన్ పడని జబ్బు, ఉందని తేలగానే ఇంట్లో గోధుమపిండి డబ్బా ఖాళీ అవుతుంది. చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్టు అన్నీ గడప దాటతాయి. అయినా గ్లాసెడు పాలు తాగిన గంటకి పొట్ట ఉబ్బడం, లోపల గుడగుడ, నీళ్ల విరేచనాలు. "పాలు కూడా పడట్లేదండీ, బాదం పాలు పట్టొచ్చా?" అని అడిగే అమ్మానాన్నల కోసం ఈ నాలుగు మాటలు. పట్టొద్దని అనను. ముందు ఆ గ్లాసులో పాలతో పాటు ఇంకేం కలుస్తోందో చూడమంటాను.

మన ఇళ్లలో పిల్లలకి ఉత్త పాలు ఇచ్చేదెక్కడ? హార్లిక్సో, బూస్టో, బోర్న్‌వీటానో ఒక చెంచా పడాల్సిందే. వీటిలో మాల్ట్ ఉంటుంది. అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, సాధారణంగా బార్లీ. గోధుమ, బార్లీ, రై, ఈ మూడింటిలోనూ గ్లూటెన్ ఉంది. చపాతీ మాన్పించామని నిశ్చింతగా ఉన్న ఇంట్లో కూడా పొద్దునా సాయంత్రం బార్లీ పాలల్లో కలిసి లోపలికి వెళ్తూనే ఉంటుంది. సేమియా పాయసం తిని కడుపునొప్పి అంటే నింద పాల మీదికి పోతుంది, సేమియా గోధుమదేనని ఎవరికీ గుర్తుండదు. మజ్జిగ కూడా పడట్లేదంటారు కొందరు. ఆ మజ్జిగ తాలింపులో పడిన ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. కొట్లో దొరికే పొడి ఇంగువ చాలావరకు పిండి కలిపి చేసిందే, ఆ పిండి తరచుగా గోధుమదో మైదానో అయి ఉంటుంది. బియ్యప్పిండి కలిపి చేసేవీ ఉన్నాయి, వెతికి తెచ్చుకోవాలి.

ఇవన్నీ ఏరేశాక కూడా పాలు పడకపోతే అప్పుడు పాల సంగతి చూద్దాం. చిన్నపేగు లోపలి గోడ నిండా తువ్వాలు మీది పోగుల్లా సన్నటి పోగులుంటాయి. సీలియాక్ ఉన్నవాళ్ల కడుపులోకి గ్లూటెన్ వెళ్తే వాళ్ల ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ పోగుల్ని అరగదీస్తుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని విడగొట్టే ఎంజైమ్, లాక్టేజ్, తయారయ్యేది ఆ పోగుల కొసల్లోనే. కొసలు పోయాయంటే లాక్టేజ్ తగ్గిపోయినట్టే. అరగని లాక్టోజ్ పెద్దపేగుకి చేరి అక్కడి బాక్టీరియాకి మేత అవుతుంది, ఉబ్బరం, విరేచనాలు దానివల్లే. గ్లూటెన్ నిక్కచ్చిగా మానితే పోగులు మళ్లీ పెరుగుతాయి, పాలు అరిగే శక్తీ తిరిగొస్తుంది. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు.

కాబట్టి గ్లూటెన్ మానడం జన్మంతా ఉండేది, పాలు మానడం చాలామంది పిల్లలకి కొన్నాళ్ల ముచ్చట. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి, రెంటినీ శాశ్వతంగా తీసేసే ఇళ్లు ఎక్కువ. "అన్నీ మాన్పించేస్తే పసివాడు ఏం తిని బతుకుతాడే?" అని అమ్మమ్మ గొడవ పెడితే విసుక్కోకండి, ఆవిడ మాటలో న్యాయముంది. అయితే రెండు మినహాయింపులున్నాయి. పాల ప్రొటీన్‌కే అలర్జీ ఉన్న పిల్లలు వేరు. పాలు తగిలితే దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చేవాళ్లకి పెరుగు, నెయ్యితో సహా అన్నీ డాక్టరు చెప్పినట్టే. ఇక మన దక్షిణాది వాళ్లలో వయసుతో పాటు లాక్టేజ్ తగ్గడం మామూలే. కాస్త పెద్దపిల్లలకి పేగు మానినా గ్లాసెడు పాలు పడకపోవచ్చు.

అలర్జీ లేదని తేలితే నేను మొదట చెప్పేది పెరుగు. తోడుకున్నప్పుడు లాక్టోజ్ కొంత ఖర్చయిపోతుంది, అందుకే పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగన్నం పడుతుంది. రెండోది లాక్టోజ్ లేని పాలు. మామూలు పాలలోనే లాక్టేజ్ కలిపి లాక్టోజ్‌ని ముందే విడగొట్టి అమ్ముతారు. కాల్షియం, ప్రొటీన్ ఎక్కడికీ పోవు. కొంచెం తియ్యగా ఉంటాయి, పంచదార కలిపారేమోనని కంగారు పడకండి, లాక్టోజ్ విడిపోతే వచ్చే తీపి అది. పాలు పూర్తిగా మానాలన్న సలహా లేనప్పుడు, బాదం డ్రింకుల కన్నా ఇవే నయమని నా అభిప్రాయం.

మొక్కల పాలే కావాల్సి వస్తే సోయాని ముందు పెడతాను. 100 మిల్లీలీటర్లకి 3 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, ఆవుపాలకి దగ్గర. బాదం డ్రింకులో అది అర గ్రాము చుట్టూనే. పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో బాదం ఎంత శాతమో ఉంటుంది, చదివితే మీకే నవ్వొస్తుంది. అంత డబ్బు పోసి నీళ్లు కొనడం కన్నా నాలుగు బాదంపప్పులు నానబెట్టి పిల్లాడి చేతిలో పెట్టడం మేలు. కొబ్బరిపాలు కూరకి కమ్మదనం ఇస్తాయి గానీ పాలకి బదులు కావు. బియ్యం పాలైతే దాదాపు పిండి, చక్కెరే. పైగా బియ్యంలో ఉండే ఆర్సెనిక్ దృష్ట్యా, బ్రిటన్‌లో 5 ఏళ్లలోపు పిల్లలకి పాలకి బదులుగా వాటిని ఇవ్వొద్దని చెబుతారు.

ఓట్స్ పాల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఓట్స్‌లో పుట్టుకతో గోధుమ గ్లూటెన్ లేదు, కానీ చేలోనో మిల్లులోనో గోధుమ, బార్లీ కలిసిపోతుంటాయి. గ్లూటెన్ రహితం అని ముద్ర లేని ఓట్స్ డ్రింకు మన పిల్లలకి పనికిరాదు. స్వచ్ఛమైన ఓట్స్ కూడా కొద్దిమందికి పడవు కాబట్టి పేగు మానే దాకా జోలికి పోకపోవడమే మంచిది. మన దేశంలో ఆ ముద్ర వెయ్యాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. డెయిరీ రహితం, వీగన్ అన్న ముద్రలు చూసి మోసపోకండి, అవి పాలు లేవని చెబుతాయి గానీ గోధుమ లేదని చెప్పవు. చాక్లెట్ రుచి రకాల్లో మాల్ట్ నక్కి ఉండొచ్చు.

పెట్టె మీద ఇంకో అంకె కూడా చూడాలి, కాల్షియం. సీలియాక్ బయటపడే నాటికే చాలామంది పిల్లల ఎముకలు బలహీనపడి ఉంటాయి. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకి రోజుకి 650 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020 పట్టిక. ఆవుపాలలో 100 మిల్లీలీటర్లకి 120 దాకా ఉంటుంది, మీరు కొనే డ్రింకులోనూ కలిపిన కాల్షియం ఇంచుమించు అంతే ఉండాలి. అది అడుక్కి దిగిపోతుంది. ఊపకుండా పోస్తే పిల్లలకి పైతేట దక్కి, ఆఖర్న తెల్లటి మడ్డి పెట్టెతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. పోసే ప్రతిసారీ బాగా కుదపండి. ఇంట్లో చేసే సోయా, వేరుశనగ పాలలో ఈ కలిపిన కాల్షియం ఉండదు. ఏడాది లోపు పసివాళ్లకి ఈ డ్రింకులేవీ తల్లిపాలకి గానీ ఫార్ములాకి గానీ బదులు కావు.

మన దగ్గర రాగులుండగా దిగులెందుకు? 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల పైచిలుకు. ఒంటికి పట్టేది పాలలో ఉన్నంత తేలిగ్గా కాదు గానీ మొలకెత్తించి జావ కాస్తే కొంత మెరుగు. రాగుల్లో గ్లూటెన్ లేదు, మరి పిండి పట్టించే మర మాటేమిటి? గిర్నీలో మీ ముందు మనిషి గోధుమలు ఆడించి వెళ్తే ఆ పిండి మీ రాగిపిండిలోకి వచ్చేస్తుంది. రాగులు కొని, ఏరి, కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టండి. రాగి మాల్ట్ పేరుతో వచ్చే పొట్లాల్లో గోధుమో బార్లీ మాల్టో ఉందేమో చదివాకే కొనండి.

కొన్నాళ్లు గడిచి, రక్తపరీక్షలో యాంటీబాడీలు దిగుతున్నాయని, బరువు పెరుగుతోందని డాక్టరు చెప్పాక పాలు మళ్లీ మొదలుపెట్టి చూడొచ్చు. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక పావు గ్లాసు. రెండు మూడు రోజులు బాగుంటే అర గ్లాసు. ఆ వారం కొత్త తిండేదీ పెట్టకండి, ఏం తిన్నదీ ఎలా ఉన్నదీ క్యాలెండర్ మీద రాసుకోండి. పండగకో పెళ్లికో ఊరెళ్లే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. అక్కడ వంటింట్లో ఎవరే గరిటె ఎందులో ముంచారో మీకు తెలీదు, కడుపు చెడితే మళ్లీ పాలనే తిడతారు.