దసరా పైసలు, నాలుగు రంగు కోడిపిల్లలు

నిన్న రాత్రి ఫోన్లో నువ్వడిగినదానికి ‘సరే, చూద్దాంలే’ అని పెట్టేశాను చెల్లె. పొయ్యి మీద పప్పు, పళ్లెం ముందు మీ బావ. అప్పుడు చెప్పే ముచ్చట కాదది. ఈ దసరాకు మీ చిన్నోడికి కుక్కపిల్లను కొనిస్తానని మాటిచ్చావట. మియాపూర్‌లో, మూడో అంతస్తులో. ‘మంచిదేనా అక్కా’ అని అడిగావు. మంచో చెడో తర్వాత మాట్లాడుకుందాం. ముందు పోయిన దసరాకు మా ఇంట్లో ఏమైందో విను. నీకిప్పటిదాకా సగమే చెప్పాను.

మా నారాయణఖేడ్‌లో దసరా ఎట్లుంటుందో నీకు తెలుసు. సాయంత్రం జమ్మి తెచ్చాక పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, పెద్దల చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దలు పదో ఇరవయ్యో ఇస్తారు. మా చిన్నదానికి ఆ ఏడు నూట అరవై వచ్చాయి. మర్నాడు పొద్దున్నే ఒకతను బండి వెనక జాలీబుట్ట కట్టుకొని గల్లీలోకి వచ్చాడు. బుట్ట నిండా కోడిపిల్లలు, గులాబీ, పచ్చ, నీలం, నారింజ. ఒక్కోటి ఇరవై రూపాయలు. నేను లోపల నిన్నటి మటన్ కూర వేడి చేస్తున్నా. బయటికొచ్చేసరికి బేరం అయిపోయింది. కొత్త గౌను కొంగులా పట్టుకొని, అందులో నాలుగు పిల్లల్ని పెట్టుకొని నిలబడింది. ‘నా పైసలే గదమ్మా’ అంది.

నేనేమీ అనలేదు. పండగ పూట పిల్ల ముఖం చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నా. తప్పు అక్కడే జరిగింది, పిల్లది కాదు, నాది.

చెప్పుల డబ్బాలో పాత లుంగీ పరిచి పెట్టాం. రాత్రంతా కీచుకీచుమని ఒకటే అరుపు. తెల్లారి చూస్తే గులాబీది కాళ్లు చాపి పడి ఉంది. మట్టిలో పాతిపెట్టాం, చిన్నది ఏడ్చింది, ఊరుకుంది. ఆ మధ్యాహ్నమే నీలందీ పోయింది. ఎట్ల పోయిందో రెండు నెలల దాకా నాకు తెలియలేదు. ఒకనాడు పడుకునే ముందు నా చెవిలో చెప్పింది: ‘నేనే నీళ్లు పోసిన అమ్మా. రంగు పోతే అసలు రంగు కనిపిస్తదనుకున్న.’ ఎనిమిదేళ్ల పిల్ల రెండు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకొని తిరిగింది. నాకు ఇప్పటికీ ఆ చిన్న గొంతే వినిపిస్తుంది.

మూడోదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. పచ్చది మాత్రం బతికింది. దాని సంగతి చివర్లో చెబుతా.

ఆ తర్వాత పశువుల దవాఖానలో పనిచేసే ఒకాయన్ని అడిగాను, ఇవి ఎక్కడినుంచి వస్తాయని. ఆయన చెప్పింది విన్నాక రెండు రోజులు గుడ్డు ముట్టబుద్ధి కాలేదు. గుడ్ల ఫారాలకు కావలసింది పెట్టలే. పుంజు గుడ్డు పెట్టదు, ఆ జాతిది మాంసానికి పెరగనూ పెరగదు. అందుకని గుడ్డులోంచి వచ్చిన నాడే పుంజుపిల్లల్ని వేరు చేసేస్తారు. చాలా దేశాల్లో ఆ రోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి నుంచి అట్లా చంపకూడదని చట్టం పెట్టుకుంది. మన దగ్గర వాటిలో కొన్ని కారుచౌకగా అమ్ముడుపోయి, రంగులో మునిగి, జాలీబుట్టలెక్కి గల్లీల్లోకి వస్తాయి. ఫారానికి పనికిరానిదానికి రంగేసి మన పిల్లలకు కానుక చేస్తున్నారన్నమాట. ఆ మాట ఆయన అనలేదు, నేనే అంటున్నా.

ఇంకో కిటుకు చెప్పాడు. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పిల్ల కడుపులో ఇంకా కొంత పచ్చసొన ఉంటుందట. దానితో రెండు మూడు రోజులు మేత లేకపోయినా నడుస్తుంది. అందుకే బుట్టలో ఉన్నప్పుడు అంత హుషారు. ఆ సొన అయిపోయే వేళకు అది మనింటి చెప్పుల డబ్బాలో ఉంటుంది. పైగా మొదటి వారం దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. కోడి రెక్క కింద దొరికే వేడి అది, లేదంటే బల్బు పెట్టాలి. దసరా దాటాక మన వైపు రాత్రుళ్లు ఎట్లుంటాయో నీకు చెప్పాలా? చలికాలం వచ్చిందంటే కోహీర్ పేరు పేపర్లో పడుతూనే ఉంటుంది.

చట్టం లేదా అంటావు. ఉంది. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1960లో చేశారు. మొదటిసారి దొరికితే 10 రూపాయలకు తగ్గకుండా, 50కి మించకుండా జరిమానా! మా చిన్నది ఒక్క పిల్లకు పెట్టిన ఇరవైలో సగంతో ఆ జరిమానా కట్టేయొచ్చు. రామచిలుక సంగతి వేరు. అది 1972 వన్యప్రాణుల చట్టం కిందికి వస్తుంది. పట్టినా, అమ్మినా, పంజరంలో పెట్టి పెంచినా నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అయినా మామయ్య పుట్టినరోజుకు చిలుకను తెచ్చాడని మురిసేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు, పేర్లెందుకులే.

అంతెందుకు, దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. అది మన రాష్ట్ర పక్షి. మన చిన్నప్పుడు నాన్న ఊరి బయటికి తీసుకుపోయేవాడు, కంది చేల పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూపించడానికి. అది లేచినప్పుడు రెక్కల్లో నీలం ఒక్కసారి విచ్చుకునేది, గుర్తుందా? ఒక్కోసారి చీకటి పడేదాకా నిలబడ్డా కనిపించేది కాదు. ఇప్పుడు పంజరంలో పెట్టుకొచ్చి, పైసలు తీసుకొని పిల్లలకు చూపిస్తున్నారు. అటవీశాఖవాళ్లు వద్దని చెబుతూనే ఉంటారు. కట్టేసిన పిట్టను చూస్తే వచ్చే మంచేమిటో నాకు అర్థం కాదు.

ఇక నీ కుక్కపిల్ల. నేను అందరికీ చెప్పే మాటే నీకూ చెబుతా, కోపం తెచ్చుకోకు. పిల్లలకు ప్రాణమున్నదాన్ని కానుకిచ్చామని మనం అనుకుంటాం గానీ, ఆ కానుక వచ్చి పడేది ఇంట్లో ఆడమనిషి ఒళ్లో. మా ఇంట్లో ఆ నాలుగు పిల్లలు ఎవరివి? పేరుకు చిన్నదానివి. రెట్ట తుడిచింది నేను, నూకలు వేసింది నేను, అర్ధరాత్రి లేచి చూసింది నేను, పాతిపెట్టడానికి మట్టి తవ్వింది కూడా నేనే. మీ బావ ఫొటో తీశాడు.

కుక్కపిల్ల అంటే అంతకు పదింతలు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీయకూడదు. నులిపురుగుల మందులు, టీకాలు, మూడో నెలలో రేబిస్ సూది, ఆపైన ఏటేటా. సెలవులయ్యాక చిన్నోడు బడికి పోతాడు, మరిది ఆఫీసుకు పోతాడు. పొద్దున, సాయంత్రం దాన్ని మూడంతస్తులు దింపి ఎక్కించేది ఎవరు? కుక్క పన్నెండు పదమూడేళ్లు బతుకుతుంది. మీవాడికిప్పుడు తొమ్మిది. వాడు ఇరవై రెండేళ్లవాడై ఏ బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటే, ముసలి కుక్కను ఎత్తుకొని డాక్టరు దగ్గరికి నువ్వు పోతుంటావు. అందుకని చిన్నోడిని అడగకు. అద్దం ముందు నిలబడి నిన్ను నువ్వే అడుగు: నాకు కుక్క కావాలా? కావాలనుకుంటే నిక్షేపంగా తెచ్చుకో, నీ కుక్కగా తెచ్చుకో. అదీ కొనొద్దు. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూక్రాస్ మీ హైదరాబాద్‌లోనే ఉంది. ఇల్లు దొరక్క ఎదురుచూసే వీధి కుక్కపిల్లలు అలాంటి చోట్ల ఉంటాయి. మన ఎండలకు పుట్టిన జాతి, ఏసీ అడగదు.

నీ వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. బ్రిటన్‌లో ఒక కుక్కల సంస్థ 1978 నుంచి ఒకటే పాట, కుక్క క్రిస్మస్ ఒక్కరోజుకు కాదు, దాని బతుకంతటికీ అని. అక్కడ పదహారేళ్లు నిండనివాళ్లకు జంతువుల్ని అమ్మకూడదని 2006లో చట్టమే చేశారు. కానీ 2013లో అమెరికాలో వెలువడిన ఒక సర్వేలో, కానుకగా వచ్చిన కుక్కల్నీ పిల్లుల్నీ జనం ఎక్కువగా వదిలేస్తారన్నది నిజం కాదని తేలింది. చాలామంది బాగానే చూసుకుంటున్నారట. నేను కాదనను. పెద్దవాళ్లు సరేననుకొని తీసుకున్న ఇళ్ల సంగతి అది. నా భయం కుక్కల గురించి అంతగా లేదు. చవగ్గా దొరికేవాటి గురించే. ఇరవై రూపాయల కోడిపిల్ల, గాజుగిన్నెలో చేప, రూపాయి బిళ్లంత తాబేలు. ఆ తాబేలు పళ్లెమంత అవుతుంది, ఇరవై ఏళ్లకు పైనే బతుకుతుంది. పిల్లలు నోట్లో పెట్టుకొని జబ్బు పడుతున్నారని నాలుగంగుళాల లోపు తాబేళ్లను అమ్మకుండా అమెరికా 1975లోనే ఆపేసింది. మనం మాత్రం పెరిగాక చెరువులో వదిలేసి పుణ్యం కట్టుకున్నామనుకుంటాం. అది మన చెరువుది కాదు, ఉన్నవాటి నోటి దగ్గరి తిండి లాక్కుంటుంది.

‘రేపు కోసుకొని తినే కోడికి ఇంత పంచాయితీ ఎందుకే’ అని మీ బావ నవ్వాడు. నేనేం శాకాహారిని కాదు, ఆరోజు పొయ్యి మీద ఉన్నది మటనే. కానీ అమ్మను చూడు. అల్లుడొస్తే కోడిని కోస్తుంది. అదే అమ్మ వానలో గోనెపట్టా కప్పుకొని పోయి, కోళ్లన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టి గంప మూస్తుంది. ఈ రెండూ ఒకే మనిషి చేస్తుంది, రెండింటిలోనూ ఆమెకు ఆ కోడి కోడే. ఆట అయిపోగానే మూల పడేసే బొమ్మ కాదు.

అమ్మమ్మ మనకు నల్లకోడిని ఇచ్చింది యాదికుందా? ‘ఇది మీ ఇద్దరిది’ అంది. ఆ కోడి అమ్మమ్మ వాకిలి దాటి ఎక్కడికీ పోలేదు. మనకొచ్చింది కోడి కాదు, దాని పని. పొదిగేసిన నాడు గుడ్ల మీద బొగ్గుతో గీత గీయించింది మనతో, తర్వాత పెట్టిన గుడ్లు వాటిలో కలవకుండా. ఇరవై ఒక్క రోజులు మనం గోడ మీద గీతలు గీశాం. కొక్కెర తెగులు వచ్చిన ఏడు ఐదు పిల్లలు ఒకేరోజు పోతే నువ్వు అన్నం తినలేదు. అమ్మమ్మ ఓదార్చలేదు, గంప కడగమని నీళ్లిచ్చింది. అప్పుడు రాక్షసి అనుకున్నాను.

ఇంకా ముచ్చటైనది మన పక్కనే ఉంది. 1956 దాకా మన ఖేడ్ బీదర్ జిల్లాలోదే కదా. అటు కన్నడ ఊళ్లలో జ్యేష్ఠ అమావాస్యకు మట్టితో ఎద్దుల్ని చేసి పూజిస్తారు. ఇంకా పైకి పోతే నాగపూర్ వైపు ఎద్దుల పండగ పోలా మర్నాడు పిల్లలు కొయ్య ఎద్దుల్ని అలంకరించి ఊరేగిస్తారు. అసలు ఎద్దుల పండగ పెద్దలది, బొమ్మ ఎద్దుల పండగ పిల్లలది. బొమ్మ ఎద్దు కాలు విరిగితే ఏడుపుతో పోతుంది. ఇంత తెలివి పెట్టుకొని మనం రంగు కోడిపిల్లల దగ్గరికి ఎట్లా వచ్చామో!

అందుకే చిన్నోడిని ఈ సెలవుల్లో అమ్మ దగ్గరికి పంపు. ఇంకో నల్లకోడి పొదుగు మీద ఉంది. సెలవుల మధ్యలోనే రోజులు నిండుతాయి. బొగ్గు గీతలున్న గుడ్లు వాడే చూసుకుంటాడు.

ఇప్పుడు పచ్చది. రెండు నెలలకు రంగంతా రాలిపోయి తెల్లటి పుంజు అయింది. తెల్లారుజామున నాలుగింటికి కూత. పక్కింటివాళ్లు మొహమాటపడి చెప్పారు, అమ్మ దగ్గర వదిలాం. పేరు మాత్రం ‘పచ్చోడు’ అనే ఉండిపోయింది. ఎండాకాలం సెలవుల్లో మీ చిన్నోడు వారం రోజులు అమ్మ దగ్గరున్నాడు కదా, పొద్దు గుంకగానే దాన్ని గంపలో వేసేది వాడే. నీకు తెలుసో లేదో, అప్పటినుంచి ప్రతి ఆదివారం నీ ఫోన్ తీసుకొని అమ్మకు చేస్తాడు. ‘అమ్మమ్మా, పచ్చోడు గంపల వడ్డడా?’ అని అడుగుతాడు. ‘ఆ, వడ్డడు బిడ్డా’ అంటుంది అమ్మ.

వానాకాలంలో కొక్కెర వచ్చి పచ్చోడు పోయాడు చెల్లె. అమ్మకు నోరు రాలేదు. వాడు వచ్చాక గంప దగ్గర చూపించి చెబుదాం అంటోంది. నాకేమో వాడు బస్సెక్కకముందే నువ్వే చెబితే మేలనిపిస్తుంది. రేపు ఆదివారం. వాడు మళ్లీ ఫోన్ చేస్తాడు.