ఆస్టన్ పేటలో పుట్టిన సంగీతము

హెవీ మెటల్ అనునది ఒక సంగీతరీతి పేరు. ఆ రెండు ఆంగ్లపదములకు బరువైన లోహమని అర్థము. మన పై తరగతుల బాలురలో కొందఱు చెవులకు తగిలించుకొని వినునదియు, చొక్కాలపై పుఱ్ఱెబొమ్మలతో ప్రకటించుకొనునదియు ఈ సంగీతమే. “ఇది సంగీతమా, రణగొణధ్వనియా? దీనివలన పిల్లలు చెడిపోవుదురా?” అని తలిదండ్రులు పలుమాఱు అడుగుచున్నారు. దీనికి అవుననియో కాదనియో ఒక్కమాటలో బదులు చెప్పుటకంటె, ఆ సంగీతము ఎచట, ఎట్టివారి యిండ్లలో, ఏ కారణములవలన పుట్టినదో తెలిసికొనుట మేలు. ఆ రీతికి ఆద్యులని ఎక్కువమంది చెప్పుకొను వాద్యబృందము బ్లాక్ సబ్బత్. దాని పుట్టుకయే ఈ పాఠమునకు విషయము.

బర్మింగ్‌హాము ఇంగ్లండు దేశపు నడిబొడ్డున నున్న పరిశ్రమల నగరము. వేయి వృత్తుల పట్టణమని దానికి పాతపేరు. అందు ఆస్టన్ అనునది పనివాండ్ర పేట. రెండవ ప్రపంచయుద్ధములో జర్మను విమానములు వేసిన బాంబులకు కూలిన యిండ్ల దిబ్బలు యుద్ధము ముగిసిన తరువాత గూడ చాలకాలము ఆ నగరమున నిలిచి యుండెను. పిల్లలకు అవియే ఆటస్థలములు. బడి విడిచిన బాలుడు కర్మాగారమునకు పోవుట అచట ఆచారము. అది తప్పించుకొనుటకు ఫుట్‌బాలో, పాటయో తప్ప వేఱు దారి కనిపించెడిది కాదు.

బృందములోని నలుగురును 1948, 49 సంవత్సరములలో పుట్టినవారే. గిటారు వాయించిన టోనీ అయోమీ ఇటలీ సంతతివాడు. బేస్ గిటారు వాయించి, పాటలలో ఎక్కువ భాగము వ్రాసిన గీజర్ బట్లర్ ఐర్లండు నుండి వలసవచ్చిన కాథలిక్ కుటుంబమువాడు. లెక్కల గుమాస్తాపని నేర్చుకొనుచుండినవాడు. డ్రమ్సు వాయించిన బిల్ వార్డ్ చిన్ననాటినుండి జాజ్ సంగీతము విని పెరిగినవాడు. గాయకుడు జాన్ మైకేల్ ఓస్బోర్న్. లోకమునకు ఓజీ అను పేరుతో తెలిసినవాడు. పరాయిచోటికి బ్రతుకుతెరువునకు వచ్చి స్థిరపడిన కుటుంబములవారు ఈ నలుగురిలో ఇద్దఱుండుట మనవంటి వారు గమనింపదగినది.

ఇక అసలు కథ 1965లో ఒక రేకుల కర్మాగారమున మొదలైనది. అయోమీకి అప్పటికి పదునేడేండ్లు. ఒక బృందముతో ఐరోపా పర్యటనకు పోవు అవకాశము వచ్చినందున ఉద్యోగము మానుకొనుచుండెను. అది పనికి చివరి దినము. మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి, మరల పోనని తల్లితో చెప్పెను. పట్టిన పని సక్రమముగా ముగించి రావలెనని తల్లి పట్టుబట్టెను. మనమందఱము పిల్లలకు చెప్పు మాటయే ఆమె చెప్పినది. అతడు తిరిగి పోయెను. ఆనాడు రాని వేఱొకరి స్థానమున అతనిని అలవాటులేని రేకుల ప్రెస్సు వద్ద నిలిపిరి. యంత్రము దిగి కుడిచేతి నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు కొసలను తెంచివేసెను. అతడు ఎడమచేతివాటమువాడు గనుక గిటారు తంత్రులను అదుముచేయి కుడిచేయియే. ఇక వాయింపజాలవని వైద్యులు చెప్పిరి. మగ్గముల కార్ఖానాలలో బ్రతుకు వెళ్లబుచ్చు మన షోలాపురమువారికి యంత్రము వ్రేలిని తీసికొనుట యనగానేమో విప్పి చెప్పనక్కరలేదు.

కర్మాగారపు అధికారి యొకడు అతనిని చూడవచ్చి ఒక గ్రామఫోను రికార్డు వినిపించెను. అయోమీకి వినుటకే మనసు లేకపోయెను. విన్న తరువాత ఆ మనిషి, ఇది వాయించినవాడు ఎడమచేతి రెండు వ్రేళ్లతోనే వాయించినాడని చెప్పెను. ఆ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్. 1928లో అతని బండికి నిప్పంటుకొనగా రెండు వ్రేళ్లు కాలి పనికిరాకుండ పోయినవి. తక్కినవానితో అతడు సాధనచేసి ఐరోపాలో గొప్ప జాజ్ గిటారు విద్వాంసుడైనాడు. ఆ అధికారి సంగీతము తెలిసినవాడని ఎవరును చెప్పరు. సమయమునకు కావలసిన రికార్డును మాత్రము తెచ్చెను.

అయోమీ పాత్రలు తోము ద్రవమునకు వాడు ప్లాస్టిక్ సీసాను కరగించి ముద్దచేసి, టంకపుకడ్డీతో మలచి, అరగదీసి వ్రేలికొసలకు తొడుగులు చేసికొనెను. తంత్రి జాఱకుండుటకు వానిపై తోలుముక్కలు అంటించెను. మామూలు గిటారు తంత్రులు దళసరివి, అదిమినచో నొప్పి. సన్నని గిటారు తంత్రులు అప్పుడు అచట అంగళ్లలో దొరకనందున బాంజో తంత్రులు తెచ్చి కట్టెను. తరువాత తంత్రులను వదులు చేసి శ్రుతి దించుట గూడ అలవడినది. తంత్రి వదులైనకొలది అదుముట తేలిక, నాదము గంభీరము. 1971లో వెలువడిన మాస్టర్ ఆఫ్ రియాలిటీ అను వారి మూడవ ఆల్బములో కొన్ని పాటలకు శ్రుతి మూడు అర్ధస్వరములు దిగినది. అన్ని వ్రేళ్లతో నిండుగా పట్టవలసిన స్వరసముదాయములకు బదులు రెండే స్వరములను, మన పరిభాషలో షడ్జపంచమములను, కలిపి పట్టుట అతనికి అనుకూలమయ్యెను. ఆ రెంటిని యంత్రశక్తికి మించి హెచ్చించినచో నాదము గరగరలాడుచు గోడవలె నిలుచును. ఈనాడు హెవీ మెటల్ అని మనవారు చెవులు మూసికొను ఆ మోత వెనుక ఒక పనివాని గాయము ఇంతగా ఉన్నది. గాయము లేకున్నను అట్టి సంగీతము వేఱొకరు కనుగొనియుందురేమో. కాని ఈ రూపము దానికి వచ్చెడిది కాదని నా అభిప్రాయము.

గాయకుని కథ వేఱు. ఓస్బోర్న్‌ల యింట ఆరుగురు పిల్లలు. తండ్రి విటన్ వద్దనున్న జి.ఇ.సి. కర్మాగారమున పనిముట్లు చేయువాడు, రాత్రిపాళీ. తల్లి ల్యూకస్ కర్మాగారమున పగటిపని. ఓజీకి అక్షరములు తాఱుమాఱుగా తోచు డిస్లెక్సియా అను చిక్కు ఉండెను. బడిలో ఎవరును దానిని గుర్తింపలేదు. మొద్దు అని త్రోసివేసిరి. ఈ వాక్యము ఉపాధ్యాయులమైన మేము రెండుసార్లు చదువుకొనవలసినది. పదునైదవ యేట బడి మానెను. కబేళాలో పనిచేసెను. తల్లి చూపించిన కొలువున కారు హారనుల శ్రుతి సరిచూచెను. ఏదియు నిలువలేదు. ఒక బట్టల అంగడిలో దొంగతనము చేసి పట్టుబడెను. న్యాయస్థానము జుల్మానా వేయగా తండ్రి కట్టనని నిరాకరించెను. కుఱ్ఱవాడు కొన్ని వారములు వించన్ గ్రీన్ చెఱసాలలో గడపెను.

ఆ తండ్రియే, కొడుకు పాటలు పాడుదునని చెప్పినప్పుడు, 250 పౌనుల అప్పుచేసి మైకుసెట్టు కొని యిచ్చెను. పనివానికి ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. ఆ పాటలు ఆయనకు నచ్చినవని చెప్పుటకు ఆధారము లేదు. చెఱసాలనుండి తప్పించుటకు ఈయని డబ్బును మైకుసెట్టుకు అప్పుతెచ్చి యిచ్చిన ఆ మనిషి లెక్క ఏమో ఆయన వివరింపలేదు. జుల్మానా కట్టి మైకుసెట్టు నిరాకరించు తండ్రులు లోకమున ఎక్కువ.

ఆ మైకుసెట్టు వలననే బృందము కూడినది. తనకు సొంత మైకుసెట్టు కలదనియు, పాడుటకు సిద్ధముగా నున్నాననియు ఓజీ ఒక వాద్యముల అంగడిలో ప్రకటన అంటించెను. దానివలన మొదట బట్లర్‌తోను, తరువాత అయోమీ, వార్డులతోను పరిచయము కలిగెను. అయోమీ, ఓజీ చిన్ననాడు ఒకే బడిలో చదివినవారు. ఇతడు పాడగలడన్న నమ్మకము అయోమీకి ఏమాత్రము లేదు. అయినను 1968లో నలుగురును, మఱి ఇద్దఱితో గలిసి, పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్ అను పేర ఆరంభించిరి. ఆ యిద్దఱును త్వరలోనే తప్పుకొనగా నలుగురు మిగిలి ఎర్త్ అని పేరు మార్చుకొనిరి.

అటుపిమ్మట బృందము ఇంచుమించు చెదరిపోయినది. 1968 డిసెంబరులో అయోమీని జెత్రో టల్ అను పేరుపొందిన బృందము పిలిచెను. అతడు పోయెను, కొద్దివారములకే తిరిగివచ్చెను. కాని ఉత్తచేతులతో రాలేదు. అచట నాయకుడు ఇయన్ ఆండర్సన్ ప్రొద్దుటనే సాధన మొదలుపెట్టించుటయు, సంగీతమును ఉద్యోగమువలె నడపుటయు అతడు చూచినాడు. మనమును ఉదయము తొమ్మిది గంటలకు చేరవలెనని మిత్రులకు నియమము పెట్టెను. జుట్టు పెంచుకొని తిరుగు కుఱ్ఱవాండ్రు గంట కొట్టినట్లు తొమ్మిదింటికి చేరుట ఊహించుకొనుడు! ఇతర బృందములు రానిచో తమకు అవకాశము చిక్కునేమో యని సామానుతో బండి నింపుకొని పిలువని కచేరీల వాకిట కాచుకొనిన దినములు గూడ కలవు.

సాధనచేయు చోటికి ఎదుటనున్న సినిమాహాలులో భయానక చిత్రములకు జనులు వరుసలు కట్టుచుండిరట. భయపడుటకు డబ్బిచ్చువారుండగా భయముగొలుపు సంగీతము ఏల చేయరాదని వారికి తోచెను. ఎర్త్ అను పేరుగల బృందము మఱియొకటి ఉండుటచే కచేరీలు తాఱుమాఱగుచుండెను. అందుచే 1969లో, బోరిస్ కార్లాఫ్ నటించిన 1963 నాటి చిత్రము పేరైన బ్లాక్ సబ్బత్‌ను తమ పేరుగా తీసికొనిరి. అదే పేరుగల పాటలో మూడు స్వరములే మరల మరల వచ్చును: షడ్జము, తారషడ్జము, ప్రతిమధ్యమము. షడ్జమునుండి ప్రతిమధ్యమమునకు గల దూరమును ఐరోపావారు సంగీతమందలి సైతానని పిలిచిరి. మన డెబ్బదిరెండు మేళకర్తలలో సగము ప్రతిమధ్యమ మేళములే! కల్యాణి పాడువారెవరును సైతానును చూచి యుండలేదు. భయము స్వరమున లేదు, దానిని ఉంచిన తీరున ఉన్నది.

హాంబుర్గు నగరములోని స్టార్ క్లబ్బులో రోజునకు పలుమాఱులు వాయింపవలసివచ్చెను. ఉన్న పాటలు చాలక వానిని సాగదీసి, నడుమ క్రొత్తవి కల్పించిరి. చాలని వేతనమునకు చాలనంత నిద్రతో చేసిన ఆ పనియే వారికి కళాశాల. 1969 అక్టోబరులో లండనులో తొలి ఆల్బమును ఒక్కదినములో రికార్డు చేసిరి. కచేరీలో వాయించినట్లే వాయించి లేచిపోయిరి. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారమున అది వెలువడెను. విమర్శకులు తీసిపారవేసిరి, అమెరికాలోని రోలింగ్ స్టోన్ పత్రిక ఎగతాళి చేసెను. జనులు మాత్రము కొనిరి. బ్రిటనులో అమ్మకములందు ఎనిమిదవ స్థానము, అమెరికాలో ఇరువదిమూడవ స్థానము లభించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన పారనాయిడ్ బ్రిటనులో మొదటిస్థానము చేరెను.

వీరు సైతాను పూజకులని అపవాదు పుట్టినది. తొలి ఆల్బము లోపలి అట్టపై తలక్రిందుల శిలువను ముద్రించినది రికార్డు సంస్థ. బృందమునకు ముందు తెలియదు. పేరుపాటలో మాటలాడువాడు భయముతో దైవసహాయము కోరు మనుష్యుడు. వార్ పిగ్స్ అను పాట, బీదల బిడ్డలను రణమునకు పంపి తాము ఇంట కూర్చుండు అధికారులపై దూషణము. వియత్నాము యుద్ధము సాగుచున్న కాలమది. పాటను వినని పెద్దలు బొమ్మను చూచి తీర్పు చెప్పిరి. ఓజీ తండ్రి మాత్రము తన కర్మాగారములో అల్యూమినియముతో శిలువలు చేసి నలుగురికిని ఇచ్చెను. వారు మెడలో వేసికొనిన శిలువలకు మూలము అదియే.

తలిదండ్రులకు దాచి పుచ్చరాని భాగము మఱియొకటి కలదు. డబ్బు వచ్చిన పిదప మద్యము, మత్తుమందులు వచ్చినవి. వానివలననే 1979లో ఓజీని బృందమునుండి తొలగించిరి. తరువాతి సంవత్సరములలో ఆ దురలవాటును అతడే బహిరంగముగా చెప్పుకొనెను. పిల్లవాడు ఈ బృందమును గూర్చి మాటలాడినప్పుడు తొడుగుల కథయు, తొమ్మిదింటి సాధనయు, ఈ మత్తుమందుల సంగతియు మూడును చెప్పవలెను. మూడవదియే చెప్పినచో వాడు వినడు.

2025 జులై 5న ఆస్టన్‌లోనే, ఓస్బోర్న్‌ల పాతయింటికి దగ్గఱనున్న విల్లా పార్కు ఫుట్‌బాలు మైదానమున ఆ నలుగురును కలిసి చివరి కచేరి చేసిరి. పార్కిన్సన్ వ్యాధిచే నిలువలేని ఓజీ ఆసనముపై కూర్చుండి పాడెను. రాబడి పార్కిన్సన్ వ్యాధి నివారణ సంస్థకును, బర్మింగ్‌హాము పిల్లల ఆసుపత్రికిని, పిల్లల సంరక్షణాలయమునకును ఉద్దేశింపబడెను. అయోమీ తొడుగుల వ్రేళ్లతోనే వాయించెను. అది జరిగిన పదునేడవ దినమున, జులై 22న, ఓజీ మరణించెను. శవవాహనము నగరములో బ్లాక్ సబ్బత్ పేరుగల వంతెన వద్ద ఆగినప్పుడు, దారికి ఇరువైపుల వేలకొలది జనులు నిలిచియుండిరి.