ఎర్తింగ్ ఉన్నా ఆగని విద్యుత్ రొద

జంషెడ్‌పూర్ కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది 1912 ఫిబ్రవరి 16న. నేటి ఉక్కు కర్మాగారాల్లో మోటార్ల వేగాన్ని డ్రైవ్‌లు, కొలిమి ఉష్ణోగ్రతను సెన్సర్లు, మొత్తం పనిని పీఎల్‌సీలు చూసుకుంటాయి. వీటిలో చాలావరకు ఇనుప కంట్రోల్ ప్యానెళ్లలో పక్కపక్కనే ఉంటాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

డ్రైవ్ విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతుంది. ఒక్కో మార్పు 100 నానోసెకన్లలో జరిగితే, దాని నుంచి 3 మెగాహెర్ట్జ్‌ వరకు, ఆపైన కూడా రొద పుడుతుంది. కె-రకం థర్మోకపుల్‌లో ఒక డిగ్రీ సెల్సియస్ తేడాకు వచ్చే వోల్టేజీ దాదాపు 40 మైక్రోవోల్టులే. రొద వల్ల ఆ సంకేతం ఒక్క మిల్లీవోల్టు జరిగినా కొలత 25 డిగ్రీలు తప్పుతుంది. ఏ లోపమూ లేకుండానే యంత్రం ఆగిపోవచ్చు కూడా.

ప్యానెల్‌కు, దాని తలుపుకు ఎర్త్ వైరు ఉంటే చాలదా? షాక్ నుంచి కాపాడటానికి అది తప్పనిసరి. రొద సంగతి వేరు. మీటరు పొడవున్న వైరు ఇండక్టెన్స్ సుమారు ఒక మైక్రోహెన్రీ. దానివల్ల కలిగే అవరోధం 50 హెర్ట్జ్ వద్ద 0.0003 ఓమ్‌లు, 10 మెగాహెర్ట్జ్ వద్ద దాదాపు 63 ఓమ్‌లు. అంటే రెండు లక్షల రెట్లు! మల్టీమీటర్ దాదాపు సున్నా చూపిస్తున్నా, రొదకు ఆ దారి మూసుకుపోయినట్టే. మల్టీమీటర్ కొలిచేది డీసీ నిరోధాన్ని మాత్రమే.

అందుకే బాండింగ్‌కు సన్నని పొడవాటి వైరు బదులు పొట్టిగా, వెడల్పుగా ఉండే అల్లిక రాగి పట్టీని వాడతారు. వెడల్పు పెరిగితే ఇండక్టెన్స్ తగ్గుతుంది. పైగా 10 మెగాహెర్ట్జ్ వద్ద కరెంటు రాగి ఉపరితలం నుంచి 0.02 మిల్లీమీటర్ల లోతులోనే ఎక్కువగా ప్రవహిస్తుంది కనుక ఉపరితలమే ముఖ్యం. పట్టీ పొడవు వెడల్పుకు ఐదు రెట్లు మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 20 సెంటీమీటర్ల పట్టీకి కనీసం 4 సెంటీమీటర్ల వెడల్పు కావాలన్నమాట.

మంచి పట్టీని కూడా పెయింటు పాడుచేస్తుంది. పౌడర్ కోటింగ్ విద్యుత్ నిరోధకం. పట్టీ ఆనే చోట దాన్ని గీకి, లోహానికి లోహం తగిలేలా బిగించి, తుప్పు పట్టకుండా అంచులకు పూత వేయాలి. తలుపు కీళ్లను నమ్ముకోకూడదు. గ్రీజు, దుమ్ము, తుప్పు ఆ స్పర్శను చెడగొడతాయి. కేబుల్ షీల్డును జడలా మెలితిప్పి పొడవుగా కలిపితే ఆ మెలిక కూడా ఇండక్టెన్స్ అవుతుంది. కేబుల్ ప్యానెల్‌లోకి వచ్చేచోటే షీల్డును చుట్టూరా క్లాంపుతో పట్టించడం మేలు.

కర్మాగారాల్లో ప్రకంపనలు బోల్టులను వదులు చేస్తాయి. కాబట్టి సరఫరా ఆపిన తర్వాత, అర్హులైన సిబ్బంది ఈ అతుకులను అప్పుడప్పుడు మిల్లీఓమ్ మీటరుతో పరీక్షించాలి. పట్టీ పొడవు, వెడల్పులను కంటితో చూడాలి. పట్టీ వేశామని ఎర్త్ వైరును మాత్రం తీసేయకూడదు. ఒకటి మనిషిని, మరొకటి సంకేతాన్ని కాపాడుతుంది.