వైమార్ నగరంలో ఒక దినం

పుస్తకంలో చదివిన చరిత్ర ఒక ఎత్తు. అది జరిగిన నేలమీద నిలబడి తెలుసుకున్న చరిత్ర మరొక ఎత్తు. జర్మనీలోని యేనా పట్టణంలో జర్మన్ భాష అభ్యసిస్తున్న కొందరు విదేశీ విద్యార్థులు మార్చి మాసంలో ఒకనాటి ఉదయం తమ అధ్యాపకురాలి వెంట వైమార్ నగర సందర్శనానికి బయలుదేరారు. వారిలో తెలుగునాటి నుంచి వెళ్ళిన విద్యార్థిని ఒకరు ఉన్నారు. అరగంటలోపే రైలు వైమార్ చేరింది.

థురింగియా రాష్ట్రంలో, ఇల్మ్ నదీతీరాన వెలసిన వైమార్ చిన్న నగరం. జనాభా సుమారు 65,000. అయినా జర్మన్ సాహిత్య చరిత్రలో దీనికున్న స్థానం మహానగరాలకు సైతం లేదు. మహాకవి గేటే 1775లో ఇక్కడికి వచ్చి, 1832లో కన్నుమూసేవరకు ఈ నగరాన్నే తన నివాసంగా చేసుకున్నాడు. ఆయన ఆప్తమిత్రుడు, నాటకకర్త షిల్లర్ 1799లో ఇక్కడ స్థిరపడి 1805లో మరణించాడు. నాటకశాల ఎదుట 1857లో ప్రతిష్ఠించిన విగ్రహంలో మిత్రులిద్దరూ పక్కపక్కన నిలిచి ఉంటారు. ఆ నాటకశాలలోనే 1919లో ప్రజాప్రతినిధులు సమావేశమై జర్మన్ గణతంత్రానికి రాజ్యాంగాన్ని రచించారు. ఆధునిక వాస్తుకళను, వస్తురూపకల్పనను మలుపు తిప్పిన బౌహౌస్ విద్యాలయం కూడ అదే సంవత్సరం ఈ నగరంలోనే ఆవిర్భవించింది.

విద్యార్థులు మొదట గేటే గృహాన్ని దర్శించారు. అతిథులను ఆదరించే గదులు శిల్పాలతో, చిత్రాలతో శోభాయమానంగా ఉన్నాయి. కవి కూర్చుని రచన సాగించిన గది మాత్రం నిరాడంబరంగా ఉంది. అక్కడ అధ్యాపకురాలు తెలుగు విద్యార్థిని వైపు తిరిగి, ‘‘మీ దేశపు మహాకవి ఒకరు గేటే హృదయాన్ని దోచుకున్నారు, తెలుసా?’’ అని అడిగారు. సర్ విలియం జోన్స్ 1789లో కాళిదాసు శాకుంతలాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. దాని ఆధారంగా గేయోర్గ్ ఫోర్స్టర్ 1791లో జర్మన్ అనువాదం వెలువరించాడు. అది చదివి పరవశించిన గేటే శకుంతలను ప్రశంసిస్తూ పద్యం చెప్పాడు. ఆయన ‘ఫౌస్ట్’ నాటకానికి ముందున్న రంగస్థల ప్రస్తావనకు సంస్కృత నాటకపు ప్రస్తావనే ప్రేరణ అని పలువురు విమర్శకుల అభిప్రాయం. చిన్ననాటి నుంచి విన్న శకుంతల కథ ఇంతదూరం ప్రయాణించిందని తెలిసి ఆ విద్యార్థిని ఆనందానికి అవధులు లేకపోయాయి.

అనంతరం వారు డచెస్ అన్నా అమాలియా గ్రంథాలయానికి వెళ్ళారు. 2004 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి అక్కడ ఘోర అగ్నిప్రమాదం సంభవించింది. సుమారు 50,000 గ్రంథాలు బూడిదయ్యాయి. ఉద్యోగులు, పౌరులు బారులు తీరి చేతులు మార్చుకుంటూ వేల గ్రంథాలను మంటల నుంచి వెలికి తెచ్చారు. పునరుద్ధరించిన భవనం 2007లో మళ్ళీ తెరుచుకుంది. పుస్తకాన్ని ప్రాణప్రదంగా ప్రేమించే నగరమిదని విద్యార్థులు ముచ్చటపడ్డారు.

మధ్యాహ్నం బస్సు వారిని నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని ఎట్టెర్స్‌బర్గ్ కొండమీదికి చేర్చింది. ఒకప్పుడు గేటే విహరించిన కొండ అది. అక్కడే 1937లో నాజీలు బూహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పారు. 1945 ఏప్రిల్ 11న విముక్తి లభించేవరకు సుమారు 2,80,000 మందిని అందులోను, దాని ఉపశిబిరాలలోను బంధించారు. వారిలో సుమారు 56,000 మంది ప్రాణాలు కోల్పోయారు. యుద్ధానంతరం సోవియట్ అధికారులు సైతం 1950 వరకు అక్కడ నిర్బంధ శిబిరం నడిపారు. అందులోనూ 7,000 మందికి పైగా మరణించారు.

ఇనుప ద్వారం మీది అక్షరాలు లోపలి నుంచి మాత్రమే సరిగా చదవడానికి వీలవుతాయి. ‘ఎవరికి తగినది వారికి’ అని వాటి అర్థం. న్యాయాన్ని బోధించే ప్రాచీన రోమన్ సూక్తిని నాజీలు బందీలను అవహేళన చేయడానికి వాడుకున్నారు. ఆ అక్షరాలకు రూపకల్పన చేసిన బందీ ఫ్రాంజ్ ఏర్లిఖ్. ఆయన బౌహౌస్ విద్యార్థి.

తెలుగు విద్యార్థిని చాలాసేపు మౌనంగా నిలబడి, ‘‘మేడమ్, గేటే నడయాడిన నగరం పక్కన ఇది ఎలా సాధ్యమైంది?’’ అని అడిగింది. అధ్యాపకురాలు వెంటనే సమాధానం చెప్పలేదు. కొంతసేపటికి ఒక సంగతి వివరించారు. ఈ శిబిరానికి మొదట కొండపేరే పెట్టారు. గేటే స్మృతితో ముడిపడిన పేరు శిబిరానికి తగదని నగరంలోని ఒక సాంస్కృతిక సంఘం అభ్యంతరం తెలిపింది. దానితో పేరు బూహెన్‌వాల్డ్‌గా మారింది. ‘‘ఆ సంఘం పేరుకు అభ్యంతరం చెప్పింది, శిబిరానికి చెప్పలేదు. ఎన్నో ఏళ్ళు బందీలు మనం ఉదయం దిగిన రైల్వేస్టేషన్‌లోనే దిగారు. 1945లో అమెరికన్ సైన్యం పౌరులను ఇక్కడికి నడిపించి చూపినప్పుడు, తమకేమీ తెలియదని అనేకులు అన్నారు’’ అని ఆమె ముగించారు.

బందీలను వరుసగా నిలబెట్టి లెక్కించిన మైదానంలో 1995లో నేలమీద ఒక లోహఫలకాన్ని అమర్చారు. అన్ని కాలాల్లోనూ దానిని 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. అది సజీవ మానవదేహపు ఉష్ణోగ్రత. చలిగాలి వీస్తుండగా విద్యార్థులు ఒక్కొక్కరే మోకాళ్ళమీద కూర్చుని అరచేతులు ఆనించారు. ఏ దేశంవారి చేతికైనా ఆ వెచ్చదనం ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు. కావ్యాలు, సంగీతం, గ్రంథాలయాలు మనిషికి సంస్కారాన్ని అందిస్తాయి. కాని పొరుగువాడికి అన్యాయం జరుగుతున్నప్పుడు నోరు విప్పే ధైర్యాన్ని మనిషి తనంతట తానే సంపాదించుకోవాలి. మంటల్లోంచి పుస్తకాలను కాపాడిన చేతులు ఎంత గొప్పవో, మనుషులను కాపాడడానికి ముందుకు రాని చేతులు అంత విషాదకరమైనవి. ఈ రెండూ ఒకే నగరం నేర్పిన పాఠాలు.

ప్రశ్నలు

1. శాకుంతల నాటకం గేటేను చేరిన విధాన్ని వివరించండి.
2. ‘పేరుకు అభ్యంతరం చెప్పింది, శిబిరానికి చెప్పలేదు’ అనే మాటలలోని అంతరార్థాన్ని చర్చించండి.
3. లోహఫలకం విద్యార్థులకు ఏ సందేశాన్ని అందించింది?